లేని పదహారు కిలోమీటర్లు

అమ్మా,

నీకు చెప్పనని నాన్నకి మాటిచ్చాను. ఆ మాట తీసి గట్టున పెట్టి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని మాత్రం చదవకు. నీ మొహం చూసి, తన తుంటి ఎముక ఇక అతకదని డాక్టరు రాశాడనుకుని హడలిపోతుంది.

నాన్న లారీ అమ్మేస్తున్నాడు.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకే బండి ఇంటి ముందు ఆగిపోయింది. ఒంట్లో బాగాలేదన్నాడు. తర్వాత సిమెంటు గోడౌను వాళ్ళు లోడు ఇవ్వడం లేదన్నాడు. ఆ గోడౌను గుమస్తా సైకిలేసుకుని ఇంటికే వచ్చి, "మీ నాన్నగారికి మా మీద కోపమా అమ్మా? బస్తాలు అక్కడే గడ్డకట్టేలా ఉన్నాయి" అని మొరపెట్టుకుని వెళ్ళాడు. అంతసేపూ నాన్న వెనక గదిలో నిద్ర నటిస్తున్నాడు. గురక లేని నిద్ర ఆయనది కాదని నాకు తెలియదూ?

నిన్న మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ చూస్తే కేబిన్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆగి ఉంది. చేతులు స్టీరింగు మీద లేవు, ఒళ్ళో పెట్టుకున్నాడు, పరాయివాళ్ళింట్లో కుర్చీ అంచున కూర్చున్నవాడిలా. కళ్ళు మీటరు మీద ఉన్నాయి. నేను అవతలి తలుపు తీసి పక్కన ఎక్కి కూర్చున్నాను.

"ఏమే పుట్టా, ఇక్కణ్ణుంచి కనుమ దాటి ఆ బజారుకి ఎంత దూరం?" అన్నాడు.

"ఎనభై కిలోమీటర్లు. నాకు ఎక్కాలకంటే ముందు నేర్పావుగా."

"మీటరు తొంభై ఆరంటోంది."

"అయితే మీటరు చెడిపోయింది."

"చెడిపోతే ఇంజనుతో పేచీ రావాలి కదే. ఈ బండి యాభైలో ఎలా పలుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మీటరు యాభై అన్నప్పుడు ఇంజనూ యాభై గొంతుతోనే పలుకుతోంది. వాళ్ళిద్దరికీ తగువు లేదు. తేడా అంతా నాలోనే ఉంది."

తర్వాత ఒక్కొక్కటే బయటికి తీశాడు, జేబులో రాళ్ళు తీసి పక్కన పెడుతున్నట్టు. యాభైకి తగ్గకుండా నడుపుతున్నాడట. అయినా బజారు చేరేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం. ఒకసారి కాదు, ప్రతిసారీ. ఎప్పుడూ ఆయన వెనక దుమ్ము తిన్న బళ్ళు ఇప్పుడు హారను కొట్టుకుంటూ దాటిపోతున్నాయట. పైగా లేని పదహారు కిలోమీటర్లు మీటరు మీద.

"అంటే ఏమిటే అర్థం? మధ్యలో ఎక్కడో దారి తప్పి, తిరిగి తిరిగి మళ్ళీ దారిలోకి వస్తున్నాను. ఎక్కడ తిరిగానో నాకు గుర్తుండటం లేదు."

మామూలుగానే అన్నాడమ్మా, కారం తక్కువైందన్నంత మామూలుగా. కానీ కళ్ళు మీటరు మీంచి తీయలేదు. తాతయ్య చివరి రోజుల గురించి నువ్వే చెప్పావు నాకు. తన ఇంట్లో తన మంచం మీద కూర్చుని, "పొద్దుపోతోంది, ఇక మన ఇంటికి వెళదాం పదరా" అని రోజూ నాన్ననే అడిగేవాడని. నాన్న ఆయన్ని వీధి చివరిదాకా నడిపించి, మళ్ళీ అదే ఇంటికి తెచ్చి, "వచ్చేశాం నాన్నా" అనేవాడని. నాన్న మనసులో ఇప్పుడు నడుస్తున్నది ఆ నడకే.

"ఇంకోటి చెబుతాను, నవ్వకూడదు" అన్నాడు. "కనుమలో రెండో గేరు లేకుండా లొంగని మలుపుందే, దాన్ని నిండు లోడుతో మూడో గేరులో ఎక్కేశాను. ఎక్కానో, ఎక్కాననుకున్నానో!"

"పద నాన్నా, ఇప్పుడే పోదాం. నేను కిలోమీటరు రాళ్ళు లెక్కపెడతాను, నువ్వు నడుపు" అన్నాను.

"నిన్నెక్కించుకునా?" అని నా వైపు చూసిన చూపు చూస్తే నువ్వు ఇంకెప్పుడూ ఆయన్ని సాధించవు. "వద్దమ్మా. తాళంచెవి అవతల పెట్టేశాను. ఇంకో డ్రైవర్ని పిలవకు, ఊరంతా పాకుతుంది. మీ అమ్మకి చెప్పకు, అక్కడ ఉన్న కష్టం చాలు." సభలకీ విందులకీ కుర్చీలు అద్దెకిచ్చే ఆయన ఉన్నాడే, ఆదివారం వచ్చి బండి చూసుకుంటాడట. అప్పుడే మాట అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదమ్మా. అనుమానం వచ్చింది. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నదానికి అనుమానాలకేం తక్కువ అంటావు. కానీ విను. కొండ తేలికైంది, చదునైన రోడ్డు నెమ్మదించింది. బలం వచ్చిన చోట వేగం పోయింది. ఇది మతిమరుపు లక్షణం కాదు, పళ్ళచక్రాల లక్షణం. ఇదంతా ఎప్పటి నుంచి? వెనక ఇరుసు రొద చేస్తోందని మామయ్య షెడ్డులో దింపించి, వేరే బండిలో వాడిన ఇరుసు ఎక్కించారే, అప్పటి నుంచి.

గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి బండి పొట్ట కింద ఒక పొడుగాటి షాఫ్టు వెళుతుంది. అది ఐదుసార్లూ ఇంకాస్తా తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. "ఎనిమిది పళ్ళది నలభై ఒక్క పళ్ళదాన్ని తిప్పుతుంది" అని నాన్న మన బండి జాతకం చెప్పినప్పుడల్లా వినడం లేదూ? మీటరు లెక్క తీసుకునేది ఆ షాఫ్టు దగ్గరే, చక్రం దగ్గర కాదు. కొత్త ఇరుసులో పళ్ళ లెక్క వేరైతే, ఇంజనూ మీటరూ ఒక మాట మీద ఉంటాయి, రోడ్డు ఒక్కటే ఒప్పుకోదు. సరిగ్గా నాన్న చెప్పినట్టే.

ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాడికి ఆ మాత్రం తట్టలేదా అంటావు. మామయ్య "అదే లెక్క బావా" అని చెప్పి బిగించాడు. మామయ్య మాట నాన్నకి రాతి మీద గీత. ఇంకా పెద్ద సంగతి, భయం కూర్చున్న బుర్రలో వేరే ఆలోచనకి చోటుండదు.

రేపు మామయ్య దగ్గరికి వెళుతున్నాను. ఆయనేం చెప్పినా, నేను స్వయంగా లెక్కపెట్టి చూస్తాను. బండి కదలకుండానే చూడొచ్చు.

నీ
ప్రశ్నల పుట్ట


అమ్మా,

ఆ ఉత్తరం వెంటే ఇది కూడా రాస్తున్నాను. దీన్ని రాయకుండా ఉంటే బాగుండేది.

మామయ్య గుంటలో దిగి ఏదో బస్సుకి గ్రీజు పెడుతున్నాడు. "ఏమే కోడలా, డిగ్రీ పట్టుకుని గుంటలోకి దిగుతున్నావా? దిగు దిగు, జీతం లేదు, సబ్బు మాత్రం ఇస్తాను" అన్నాడు.

"మామయ్యా, నాన్న బండికి నువ్వు వేసిన ఇరుసులో పళ్ళెన్ని?"

"ముందు నీ నోట్లో ఎన్నున్నాయో చెప్పు."

"హాస్యం కాదు మామయ్యా."

"నలభై ఒకటి, ఎనిమిది. పాతదే లెక్క. బావకి అప్పుడే చెప్పానుగా." ఈ మాట అన్నప్పుడు మామయ్య నా వైపు చూడలేదు. చేతిలో రెంచి అద్దంలా ఉంది, దాన్నే గుడ్డతో రుద్దుతున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు: "ఏం, బావ ఏమైనా ఇబ్బందిగా ఉందన్నాడా?"

చెప్పొచ్చు. కానీ నాన్న బుర్ర గురించి నాన్న భయపడుతున్నాడని బావమరిదికి ఎలా చెప్పను? "లేదు, ఊరికే అడిగాను" అన్నాను. ఇద్దరం అబద్ధాలాడుకున్నామని నాకు అనిపించింది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

ఇవాళ నాన్న క్షవరానికి వెళ్ళిన సందు చూసుకుని పని మొదలుపెట్టాను. ముందు చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు అడ్డం పెట్టాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలాను. వెనక ఎడమవైపు ఇరుసు కింద జాకీ పెట్టి లేపాను. జాకీ కడ్డీ ఆడించీ ఆడించీ నా అరచేతులు బొబ్బలెక్కాయి, నీ రోకలి దగ్గర కూడా ఇన్ని ఎక్కలేదు. చక్రం నేల వదిలాక, దాని మీద సుద్దముక్కతో ఒక గీత, కింద షాఫ్టు మీద ఇంకో గీత. తర్వాత చక్రం కొంచెం తిప్పడం, వంగి చూడటం, మళ్ళీ తిప్పడం.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తల పెట్టి, "లారీ కింద ఏం పోగొట్టుకున్నావమ్మాయ్?" అన్నారు.

"పదహారు కిలోమీటర్లు పిన్నిగారూ."

"దొరికితే నాకూ చెప్పు. మా ఆయన కూడా ఆఫీసు నుంచి వస్తూ రోజూ అంత దూరం ఎక్కడో పారేసుకొస్తున్నారు" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు.

చక్రం ఒక చుట్టు. షాఫ్టు మూడు చుట్లూ ఇంకాస్తా.

ఐదు కాదు, మూడు. తప్పు చూశాననుకుని చక్రం పదిసార్లు తిప్పి లెక్కపెట్టాను. షాఫ్టు ముప్పై దాటింది, ముప్పై ఒకటి కాలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే.

పళ్ళ లెక్క మారింది, నా అనుమానం నిజమే. కానీ ఎదురు తిరిగింది. షాఫ్టు మూడుసార్లు తిరిగితేనే చక్రం ఒకసారి తిరిగిపోతోందంటే, బండి మునుపటికంటే వేగంగా పోవాలి. నాన్న బజారుకి ముందే చేరాలి. మీటరు ఎనభై కంటే తక్కువ చూపించాలి. కొండ ఎక్కలేక బండి దగ్గాలి. నాన్న చెప్పినవన్నీ దీనికి తలకిందులు. అంటే ఇరుసు నాన్న వైపు సాక్ష్యం చెప్పడం లేదు. ఇంత ఎక్కువ వేగానికి వేసిన ఇరుసుతో కూడా ఆయన ఆలస్యంగా వెళుతున్నాడంటే, నిజంగానే ఎక్కడికో పోతున్నాడన్నమాట.

ఇటుకలు తీసి, జాకీ దింపి, సుద్ద గీతలు తుడిచేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. నాన్న క్షవరం చేయించుకుని వచ్చాడు. నున్నటి చెంపలతో చిన్నపిల్లాడిలా ఉన్నాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానే అని ఇల్లంతా వెతికాడు. అది చొక్కా జేబులోనే ఉంది. ఎన్నిసార్లు నవ్వాను ఈ సంగతికి! ఇవాళ నవ్వలేక, లేచి వెళ్ళి జేబులోంచి తీసి చేతికిచ్చాను. ఆయన కూడా నవ్వలేదు. "చూశావా" అన్నాడు, అంతే.

అమ్మమ్మని పిన్నికి అప్పజెప్పి నువ్వు రాగలవా? ఆదివారం కుర్చీలాయన వస్తాడు. తాళం ఇచ్చేశాక నాన్న ఈ ఇంట్లో ఏం చేస్తాడో ఊహకి అందడం లేదు. నేను చదివిన చదువంతా ఆయన భయాన్ని నిజం చేయడానికే పనికొచ్చింది.

నీ
పుట్ట


అమ్మా,

నీకు ఇంతకుముందు రాసిన ఉత్తరం చించెయ్యి. అందులో లెక్క తప్పు. ఇది నిలబడి చదువుతుంటే ముందు కూర్చో.

ఆదివారం పొద్దున దుప్పట్లు మడతపెడుతున్నాను. నువ్వు ఉన్నప్పుడు ఆ చివర నువ్వు, ఈ చివర నేను, ఇద్దరం చెరి నాలుగడుగులు వేస్తే మధ్యలో కలిసేవాళ్ళం. ఇప్పుడు ఆ చివర కిటికీ ఊచకి తగిలించి నేనొక్కదాన్నే ఎనిమిది అడుగులూ నడుస్తున్నాను. కిటికీ నడవదు కదా, దాని వాటా కూడా నేనే నడవాలి. నడిచి, రెండు కొసలూ కలిపి, అక్కడే దుప్పటి నేల మీద పారేసి వీధిలోకి పరిగెత్తాను.

నేను లేపింది ఒక్క చక్రాన్నే అమ్మా! రెండోది నేల మీద కిటికీలా నిలబడి ఉంది. బండి రోడ్డు మీద పోయేటప్పుడు రెండు చక్రాలూ తిరుగుతాయి. ఒకటి కదలకుండా ఉంటే, రెండోది తన తిరుగుడుతో పాటు దాని తిరుగుడు కూడా తిరగాలి. నేను తిప్పిన చుట్టు అసలు చుట్టులో సగమే. మూడు కాదు, ఆరు చిల్లర!

నాన్నని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. "కుర్చీలాయన వచ్చే వేళైంది, వదలవే" అంటున్నాడు. జాకీ లేపించి, ఆయన్నే గోనెపట్టా మీద బండి కింద పడుకోబెట్టాను. మొన్న నేను చేసిన తప్పు చెబితే, "అవును మరి, బురదలో ఒక చక్రం దిగబడినప్పుడు రెండోది రెట్టింపు గిర్రుమనదూ? ఇది కూడా చెప్పాలా?" అన్నాడు. ఆ విసుగు వినడానికి ఎంత బాగుందో! చాలా రోజుల తర్వాత నన్ను ఆయన విసుక్కున్నాడు.

"చక్రం ఇరవైసార్లు తిప్పుతాను నాన్నా. అంటే అసలు లెక్కలో పది. పాత ఇరుసైతే షాఫ్టు యాభై ఒకటి తిరగాలి. నువ్వు లెక్కపెట్టు."

తిప్పాను. కింద నుంచి ఆయన గొంతు వస్తోంది. నలభై. నలభై ఐదు. యాభై. యాభై ఒకటి దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత యాభై రెండు అన్న మాట మెల్లగా వచ్చింది, ఎవరో కొత్తవాళ్ళని లోపలికి రమ్మన్నట్టు. అరవై. అరవై ఒకటి, ఇంకా సగానికి తక్కువ.

"మళ్ళీ తిప్పు" అన్నాడు. తిప్పాను. మళ్ళీ తిప్పు అన్నాడు. నా భుజాలు పడిపోయాయి, అయినా తిప్పాను. అప్పుడే కుర్చీలాయన స్కూటరు దిగాడు. బండి కిందనుంచి పొడుచుకొచ్చిన కాళ్ళు చూసి, "ఎవరండీ మెకానిక్కా? బండికి ఏమైనా పెద్ద రోగమా? ముందే చెప్పండి" అన్నాడు.

"రోగమేం లేదు" అన్నాడు నాన్న కిందనుంచే. "బండి అమ్మకానికి కూడా లేదు. అమ్మాయ్, ఆయనకి మంచినీళ్ళివ్వు."

సుద్దముక్కతో లారీ పక్క చెక్క మీద లెక్క వేసి చూపించాను. షాఫ్టు యాభై ఒకటి తిరగాల్సిన దారికి అరవై ఒకటి తిరుగుతోంది. ఎనభై కిలోమీటర్ల దారిని మీటరు తొంభై ఆరుగా చూపించి తీరాలి. యాభై చూపిస్తుంటే బండి నిజంగా పోయేది నలభై రెండే. ఇరవై నిమిషాలు అక్కడికి సరి. నాన్న ఆ అంకెల్ని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చదివాడు.

"నేనెక్కడికీ పోలేదన్నమాట."

"లేదు నాన్నా. ఎనభైయే వెళ్ళావు. ఎనభైయే వచ్చావు."

గ్రీజు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. కంటి కింద నల్లటి చార పడింది. కుర్చీలాయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎవరి ఇంటికి వచ్చాడో తెలియనివాడిలా మా ఇద్దరినీ చూస్తున్నాడు.

ఇంతవరకే అయితే ఇది మంచి ఉత్తరం. ఆ చారతోనే నాన్న తిన్నగా మామయ్య షెడ్డుకి నడిచాడు. నేను వెనకాల పరుగు.

"లెక్క అదేనన్నావు కదరా?"

మామయ్య రెంచి కింద పెట్టాడు. "పొరపాటైంది బావా."

"పళ్ళు లెక్కపెట్టడం రాక పొరపాటా? నా మొహం మీద అబద్ధమాడటం పొరపాటా? నా మతి పోయిందనుకున్నానురా. మా నాన్నలా అయిపోయాననుకున్నాను!"

మామయ్య మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆయనకి తెలియదు కదా. "ఇక నా గుమ్మం తొక్కకు" అని నాన్న వెనక్కి తిరిగాడు.

నేను ఉండిపోయాను. "మామయ్యా, ఎందుకలా చేశావు?"

"నేను చెప్పలేను కోడలా. అక్క ఒట్టేయించుకుంది" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

తర్వాత అంతా చెప్పించాను. కనుమ ఎక్కి వచ్చిన రోజుల్లో నాన్న వంటింటి మెట్టు మీద కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని, క్లచ్ తొక్కే కాలి మోకాలు రెండు చేతులతో పట్టుకుంటున్నాడని నువ్వు చూశావట. ఇరుసు ఎలాగూ దింపుతున్నారు కాబట్టి, "కొండ తేలిగ్గా ఎక్కే ఇరుసు వెయ్యరా, గేర్లు మార్చే బాధ తగ్గుతుంది. మీ బావకి మాత్రం తెలియకూడదు. తెలిస్తే నేను ముసలాణ్ణయ్యానా అని మూడో రోజే పీకించేస్తాడు" అన్నావట. మామయ్య నాలుగు షెడ్లు తిరిగి నలభై మూడు పళ్ళు, ఏడు పళ్ళు ఉన్నదాన్ని తెచ్చాడు. దాంతో పాటు గేర్‌బాక్సు దగ్గర మీటరుని తిప్పే చిన్న పళ్ళచక్రం కూడా మార్చాలని ఆయనకి తెలుసు. అది మారిస్తే, గేర్‌బాక్సు జోలికి ఎందుకెళ్ళావని నాన్న అడుగుతాడు. అందుకని వదిలేశాడు. వదిలేసిన ఆ చిన్న చక్రమే నాన్నని ఇంతదాకా తెచ్చింది.

నాకు నీ మీద కోపమొచ్చింది. నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నువ్వు ఆయన మోకాలికి కొండ తేలిక చేయాలనుకున్నావు. ఆయన నీకు బరువు తేలిక చేయాలనుకుని లారీ అమ్మబోయాడు. మామయ్య "బావ ఇబ్బందిగా ఉందన్నాడా" అని అడిగిన రోజు నేను "ఊరికే" అనకపోతే అక్కడికక్కడే తేలిపోయేది. ఈ ఇంట్లో ఒకరినొకరు ఎంత జాగ్రత్తగా చూసుకుంటామంటే, ఎవరికి ఎక్కడ నొప్పో ఎవరికీ తెలియదు.

మామయ్య నాన్న దగ్గర నీ పేరు బయటపెట్టడు. తప్పంతా తన నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. నేనూ చెప్పను, భయం వల్ల కాదు. నాన్న అది నీ దగ్గర వినాలి. నువ్వు రాయి.

నీ
పుట్ట


మా ఇంటి పెద్దకి,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి తెచ్చి చేతికిచ్చి, ఎన్నడూ లేనిది, ఏముందని అడక్కుండా పక్కింటికి పోయింది. దాంతోనే నాకు అర్థమైంది, ఇందులో ఏముందో దానికి ముందే తెలుసని.

కోపం వచ్చింది. రాలేదంటే నువ్వు నమ్మవు. అన్నం తినలేదు. సాయంత్రానికి ఆకలేసి తిన్నాను. తింటూ ఆలోచించాను. నువ్వు నాతో చెప్పి ఉంటే ఏం జరిగేది? అరిచేవాణ్ణి. రెండు పూటలు మూతి ముడుచుకునేవాణ్ణి. మీ తమ్ముణ్ణి, మీ వంశాన్ని కలిపి నాలుగు మాటలు అనేవాణ్ణి. మూడో రోజు వెళ్ళి ఆ ఇరుసే వేయించుకునేవాణ్ణి. మోకాలు పోయిందంటే ఒప్పుకుంటానే. మోకాలు ఎవరికి పోదు? బుర్ర పోయిందనుకున్నప్పుడు చూడాల్సింది నన్ను. మన ఇంటి గేటు ముందు బండి ఆపి, ఇది మన ఇల్లేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకుని దిగేవాణ్ణి. అది అమ్మాయికి కూడా చెప్పలేదు.

నీ మీద గట్టిగా కోప్పడదామంటే, లారీ అమ్మడానికి మాటిచ్చి నీకు చెప్పనిది నేను. కాబట్టి చెల్లుకి చెల్లు.

మీ తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. గుమ్మం తొక్కొద్దన్నది వాణ్ణి కదా, వాడి గుమ్మం నేను తొక్కొచ్చు. నన్ను చూసి గుంటలోకి దిగిపోయాడు. నేనూ దిగాను. వాడు అక్కడ ఆగిన బస్సుకి గ్రీజు పెడుతుంటే నేను దీపం పట్టుకున్నాను. తర్వాత వాడు, "పాతది మళ్ళీ బిగించేస్తాను బావా" అన్నాడు. వద్దన్నాను. మీటరుని తిప్పే చిన్న చక్రం మాత్రం మార్చమన్నాను. మార్చాడు. ఇప్పుడు నలభై రెండుని నలభై రెండని చెబుతోంది. గోడౌను గుమస్తాకి కూడా చెప్పేశాను, ఇకనుంచి ఇరవై నిమిషాలు ముందు బయల్దేరతానని.

నిన్న లోడు వేసుకుని వెళ్ళాను. అమ్మాయిని ఎక్కించుకున్నాను. దారి పొడుగునా కిలోమీటరు రాళ్ళు గట్టిగా చదువుతూ, నా చెవులు తినేసింది. తిరిగి వస్తూ చదును రోడ్డు మీద దాని చేతికి స్టీరింగిచ్చాను. ఎడ్లబండి కూడా మమ్మల్ని దాటిపోయింది. తనకి ఇన్నాళ్ళూ బండి నడపడం ఎందుకు నేర్పలేదని దెబ్బలాడింది. అడిగావా అన్నాను. అడగలేదంది. అది కూడా మనలాగే తయారైంది.

కనుమ మలుపు మూడో గేరులోనే ఎక్కింది. అనుకోవడం కాదు, ఎక్కింది. పైన బండి ఆపి కిందికి చూస్తుంటే ఈ సంగతి నీకు చెప్పాలనిపించింది. ఇంటికొచ్చాక చెప్పాలంటే నువ్వు లేవు. అందుకే రాయడం.

అత్తయ్యని తొందరపెట్టకు, ఎముక నిదానంగానే అతకాలి. నువ్వు రావడానికి ఇంకా టైముంది కాబట్టి ఒక మాట రాసేస్తున్నాను, ఎదురుగా ఉంటే రాదు. ఎడమ మోకాలు బాగా నొప్పిగా ఉంటోంది. కనుమ ఎక్కిన రోజే కాదు, ఊరికే కూర్చున్నా ఉంటోంది. మెట్టు దిగేటప్పుడు ఎక్కువ. ఏడాది పైనే అయింది.

నీ
డ్రైవరు